విశాఖ చరిత్ర నడకలు, కబుర్లు, ఇంటి ఫొటోల రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకో ఆదివారం నడక. నెలకో సాయంత్రం ఎవరో ఒక పెద్దాయనో పెద్దావిడో చెప్పే కబుర్లు. మూణ్ణెల్లకోసారి ఇంటి ఫొటోల రోజు. మేం చేసేవి ఈ మూడే. మాకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఉద్యోగాలూ చదువులూ చూసుకుంటూ తీరిక దొరికినప్పుడు చేసే పని ఇది. వాట్సాప్‌లో అవే ప్రశ్నలకు అవే జవాబులు కొట్టీ కొట్టీ వేళ్లు నొప్పెట్టి, ఒక్కచోట రాసి పెడుతున్నాం.

వైజాగ్‌కి చరిత్రేముందండీ? బీచ్, పోర్టు, స్టీల్‌ప్లాంటు తప్ప?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేవాళ్లలో సగం మంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. కళ్లెదుట కోట కనపడదు, రాజుగారి మహలు కనపడదు. అందుకని ఏమీ లేదనుకుంటారు.

బురుజుపేట అనే పేరు తీసుకోండి. మార్గశిర మాసం గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర లైను ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. ఆ లైన్లో గంటలకొద్దీ నిలబడ్డవాళ్లలో ఒక్కరైనా 'ఇంతకీ ఆ బురుజు ఏదీ' అని అడిగారా? పక్కనే కోటవీధి. కోట లేదు, వీధి మిగిలింది. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ గిడ్డంగి పెట్టుకుని, దాని చుట్టూ గోడలు లేపారు. సోల్జర్‌పేట అన్న పేరూ ఆ రోజులదే. 1780 అక్టోబరులో ఇక్కడి సిపాయిలను ఓడెక్కి మద్రాసు వెళ్లి హైదర్ అలీ మీద యుద్ధం చెయ్యమంటే, మేం ఎక్కం అని తిరగబడ్డారు. స్కూల్లో మనం చదువుకున్న 1857 దీనికి 77 ఏళ్ల తర్వాతి మాట. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సేనలతో పోరాడుతూ విజయనగరం రాజు చిన విజయరామరాజు ప్రాణాలు విడిచాడు. ఆ పద్మనాభం ఎక్కడో లేదు, మన జిల్లాలోనే ఉంది. ఇక బౌద్ధుల నాటి తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండల వయసు లెక్క వందల్లో కాదు, వేలల్లో తీయాలి.

నాకు చరిత్రంటే బోర్. తేదీలు గుర్తుండవు. రావచ్చా?

రండి. పరీక్ష పెట్టం.

ఎంత తీసుకుంటారు?

నడకకీ కబుర్లకీ ఏమీ లేదు. మ్యూజియంలో టికెట్ ఉంటే ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. నడక అయ్యాక టిఫిన్‌కి వెళ్తాం, అక్కడా ఎవరి బిల్లు వాళ్లదే. ఒకసారి పెద్దమనసు చేసుకుని అందరి బిల్లూ కట్టినవాళ్లు వచ్చే నెల కనపడలేదు. అప్పటినుంచి ఈ నియమం.

పొద్దున్నే ఆరింటికి ఎందుకు? ఆదివారమైనా పడుకోనివ్వరా?

విశాఖ ఎండ సంగతి తెలిసే అడుగుతున్నారా? ఎనిమిది దాటితే ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అప్పుడు ఏ శతాబ్దం గురించి చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. ఇంకో కారణం ట్రాఫిక్. పాతూరి సందుల్లో ఏడున్నర దాటితే ఆటోలు, బళ్లు, చేపల గంపలు. ముప్పై మంది ఒకచోట నిలబడితే దారి మూసుకుపోతుంది, అక్కడుండేవాళ్లకు ఇబ్బంది. అందుకే ముప్పై మందికి మించి పేర్లు రాసుకోం. బేగి లేచి బేగి రండి. ఆరూ పదికి బయల్దేరిపోతాం.

పాతూరి నడకలో ఏమేం చూపిస్తారు?

దారి నెలనెలా కొంచెం మారుతుంది కానీ మూడు కొండలు మాత్రం తప్పవు. హార్బరు కాలువ పక్కన వరసగా మూడు కొండలుంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదనీ దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న కొండకు రాస్ హిల్ అని పేరు. 1864లో రాస్ అనే ఆయన దాని మీద ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అదే ప్రార్థనాస్థలమైంది. వెంకన్న గుడిని 1866లో బ్లాక్‌మోర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. చెబితే బయటూరివాళ్లు నమ్మరు.

రాస్ హిల్ పైన ఒక పావుగంట ఎవరినీ మాట్లాడనివ్వం, మేమూ మాట్లాడం. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, కింద సన్నటి కాలువ, దాంట్లోంచి ఒక పెద్ద ఓడ ఇళ్ల మధ్య నుంచి నడిచిపోతున్నట్టు లోపలికి వస్తుంది. ముందు దాన్ని లాగే టగ్గు పడవ, వెనక ఇంకో టగ్గు. మేడమీద బట్టలు ఆరేస్తున్నావిడ తలెత్తి కూడా చూడదు. ఆవిడకు రోజూ ఉండేదే కదా!

కిందికి దిగాక టౌన్ హాలు, కురుపాం మార్కెట్, క్వీన్ మేరీ స్కూలు వైపు వెళ్తాం. మొత్తం రెండున్నర గంటలు.

పోర్టు గురించి కూడా చెబుతారా? లోపలికి తీసుకెళ్తారా?

లోపలికి తీసుకెళ్లలేం, భద్రత ఉన్న చోటు. కొండ మీంచే చెబుతాం. మధ్యపరగణాల (ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు) మాంగనీసు ఖనిజాన్ని సముద్రం మీదికి ఎక్కించడానికి ఈ రేవు కావాల్సి వచ్చింది. ఇక్కడ చిక్కంతా ఇసుకతోనే. అలలు మోసుకొచ్చే ఇసుక కాలువ మూతిని పూడ్చేస్తుంటే, జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుగోడ చేశారు. ఓడల కోసం కట్టే రేవుకు ఓడల్నే పునాది చేయడం నాకైతే ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టని కథ. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి అధికారికంగా ప్రారంభించాడు.

తర్వాత పక్కనే ఓడలు కట్టే యార్డు. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జలఉష నీళ్లలోకి దిగింది. మధ్యలో ఒక యుద్ధం, బాంబులు.

బాంబులా? ఇక్కడ బాంబులు పడ్డాయా?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. బీచ్‌రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంకి వెళ్తే అప్పటి బాంబు ఒకటి చూడొచ్చు. పిల్లలు ముందు అడిగే ప్రశ్న 'ఇప్పుడు పేలుతుందా?' పేలదు.

ఆ రోజుల్లో ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా యుద్ధం రోజుల్లో గుంటూరు వెళ్లిపోయి, తర్వాత తిరిగొచ్చింది. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరి, నిలదొక్కుకుంటుండగానే మళ్లీ పెట్టేబేడా సర్దుకోవాల్సి వచ్చింది పాపం.

ఈ సంగతులు పుస్తకాల్లో రెండు లైన్లుంటాయి. మిగతాదంతా మీ ఇళ్లల్లో ఉంది. మా కబుర్ల సాయంత్రాలు మొదలైందే ఇందుకు. ఒకావిడ వాళ్లమ్మ చెప్పిన మాట చెప్పారు. ఊరు వదిలి పోతూ పోతూ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం దింపకుండానే తలుపు గడియ వేసేశారట. దారంతా ఆ తల్లి బాంబుల గురించి కాదు, మాడిపోయే గిన్నె గురించే బెంగపడిందట. ఏ గెజిటీర్లో దొరుకుతుందిది?

మా అమ్మమ్మకు 88 ఏళ్లు. ఆమెకు చాలా తెలుసు కానీ నలుగురిలో మాట్లాడదు.

మేమే ఇంటికి వస్తాం. ఇద్దరమే వస్తాం, ఫోన్లో రికార్డు చేసుకుంటాం. గంట దాటనివ్వం, పెద్దవాళ్లు అలిసిపోతారు. 'మీ కాలంలో ఎలా ఉండేదండీ' అని అడిగితే 'బాగానే ఉండేది నాయనా' అని ఊరుకుంటారు. 'పెళ్లయి వచ్చిన కొత్తలో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు?' అని అడగండి, ఇక ఆపలేరు. మీరు సొంతంగా చేసుకున్నా ఈ చిట్కా పనికొస్తుంది. ఆమె వద్దన్న మాట ఏదైనా ఉంటే తీసేస్తాం. రికార్డింగు కాపీ మొదట మీకే ఇస్తాం.

ఇంటి ఫొటోల రోజు అంటే ఏంటి? ఫొటోలు మీరు తీసేసుకుంటారా?

తీసుకోం. మీ ఫొటో మీ చేతిలోనే ఉంటుంది, మీ ఎదురుగానే స్కాన్ చేసి ఇచ్చేస్తాం. ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, మా ఇంట్లో ఒకసారి దెబ్బతిన్నాం. 'ఎగ్జిబిషన్‌కి కావాలి, వారంలో ఇచ్చేస్తాం' అని ఒకరు మా తాతగారి ఫొటో పట్టుకెళ్లారు. ఇరవై ఏళ్లయింది.

తెచ్చేటప్పుడు ఫ్రేము విప్పకండి, అద్దానికి ఫొటో అతుక్కుపోయి ఉంటే చిరిగిపోతుంది. వెనక పేర్లు రాయాలనుకుంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి. పెన్ను వద్దు, ఇంకు ముందువైపుకు దిగుతుంది. పేర్లు మాత్రం తప్పకుండా రాయండి. అందరూ ఉన్న గ్రూప్ ఫొటోలో ఎవరు ఎవరో చెప్పగలిగిన చివరి మనిషి పోయాక, అది ఎవరి ఫొటోనో ఎవరికీ తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లల్లో ఆల్బమ్‌లు తడిసి ముద్దయ్యాయో ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. స్కాన్ ఒకటి ఉంటే ఆ బెంగ ఉండదు.

ఫొటోలే కానక్కర్లేదు. పెళ్లి శుభలేఖ, రేషన్ కార్డు, షిప్‌యార్డు గేట్‌పాస్, సినిమా టికెట్టు, ఏదైనా తెండి.

ఇంట్లో ఏనుగుదంతం పొదిగిన పాత పెట్టె ఉంది. తీసుకురావచ్చా?

దాన్ని తీసుకురాకండి, ఫొటో తీసి పంపండి. 18వ శతాబ్దంలో దంతం పొదిగిన కుర్చీలు, పెట్టెలు, రాతబల్లలకు విశాఖపట్నం పెట్టింది పేరు. ఇక్కడి వడ్రంగులు చేసిన సామాను ఇప్పుడు లండన్ మ్యూజియంలో ఉంది, మన పిల్లలు ఒక్కటీ చూసి ఎరగరు. కానీ దంతం కొనడం, అమ్మడం చట్టరీత్యా నేరం. దగ్గర ఉంచుకోవడానికి కూడా కాయితాలుండాలి. ముందు అటవీశాఖ వాళ్లను కనుక్కోండి. 'ఎంతొస్తుందండీ' అని మాత్రం మమ్మల్ని అడగొద్దు, మేం వెల కట్టం.

పునాది తవ్వుతుంటే పాత నాణేలు దొరికాయి. ఎవరికి చెప్పాలి?

కలెక్టరుకు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇంకా నడుస్తోంది. పది రూపాయల కంటే ఎక్కువ విలువైనది భూమిలో దొరికితే తెలియజేయాల్సిందే. అప్పటి పది రూపాయలు, ఇప్పటికీ పదే. దొరికినదాన్ని చింతపండుతో తోమకండి. మెరుస్తుంది కానీ దాని మీదున్న అక్షరాలు పోతాయి.

తొట్లకొండ ఎప్పుడు వెళ్తారు?

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రెండుసార్లు. భీమిలి రోడ్డులో రుషికొండ దాటాక వస్తుంది. 900కె బస్సులో వచ్చేవాళ్లు తొట్లకొండ దగ్గర దిగాలి. అక్కడినుంచి పైకి ఎక్కుడు రోడ్డు, నడవలేనివాళ్లను మా బళ్ల మీద ఎక్కించుకుంటాం.

ఇది బయటపడిన తీరు బాగుంటుంది. 1976లో నౌకాదళం తన అవసరాల కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే కొండ మీద ఏవో కట్టడాల ఆనవాళ్లు కనపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, వంటశాల బయటపడ్డాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. ఊరివాళ్లకు ఆ తొట్లు ఎప్పట్నుంచో తెలుసు, లేకపోతే పేరెలా వస్తుంది? తెలియనిదల్లా కాయితాల మీదికి ఎక్కించే మనకే.

ఒక గది గడపలో కూర్చుని సముద్రం వైపు చూడమంటాం. వానాకాలం భిక్షువులు తిరగడం మానేసి ఒకచోట ఉండేవాళ్లు. ఈ గాలి, ఈ చూపు ఉంటే నేనైనా ఉండిపోయేవాణ్ణి.

రాళ్ల మీద ఎక్కొద్దు, పేర్లు చెక్కొద్దు. 2019 అక్టోబరు వానలకు తిరిగి కట్టిన స్తూపంలో కొంత కూలింది. మళ్లీ నిలబెట్టారు. రాయి కూడా అలిసిపోతుంది.

బొజ్జన్నకొండ ఇప్పుడు వేరే జిల్లా కదా?

2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. అయినా వెళ్తాం, బుద్ధుడికి జిల్లా సరిహద్దులు అడ్డమా? శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ పక్కపక్కనే. లింగాలకొండ మీద రాతిలో చెక్కిన చిన్నా పెద్దా స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. దూరం నుంచి శివలింగాల్లా కనపడతాయి కాబట్టి ఆ పేరు.

కనుమ రోజున చుట్టుపక్కల జనం ఈ కొండకు వస్తారు. ఒకప్పుడు అక్కడి బొజ్జ విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవాళ్లు. ఊళ్లో వాళ్లతో కూర్చుని మాట్లాడి మాట్లాడి ఆ అలవాటు మాన్పించారు. బోర్డులు పెట్టడం కంటే పక్కన కూర్చుని మాట్లాడ్డమే పనిచేస్తుందని మాకు నమ్మకం కుదిరింది ఇలాంటివి చూసే.

భీమిలి?

భీమిలికి ఒక పూట మొత్తం కేటాయిస్తాం. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, గంటస్తంభం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. సమాధుల దగ్గర మా నడక నెమ్మదిస్తుంది. ఆరు నెలలు ఓడలో వచ్చి, ఈ ఉప్పుగాలిలో జ్వరం తగిలి పోయినవాళ్లు ఎంతమందో. వెళ్తూ ఎర్రమట్టి దిబ్బలు కూడా చూస్తాం, దిగం. కాలు పెడితే దిబ్బ జారుతుంది.

విశాఖపట్నం పేరు ఎలా వచ్చింది? మీ గైడు ఒకటి చెప్పారు, మా మాస్టారు ఇంకోటి చెప్పారు.

ఇద్దరూ సరైనవాళ్లే, ఇద్దరూ తొందరపడ్డవాళ్లే. వైశాఖేశ్వరుడి గుడి ఉండేదని, సముద్రంలో కలిసిపోయిందని ఒక మాట. దర్గాలోని ఇస్‌హాక్ బాబా పేరు మీద ఇసాకపట్నమని ఇంకో మాట. బౌద్ధంలోని విశాఖ పేరని మూడో మాట. చోళుల రోజుల్లో కులోత్తుంగ చోళపట్నం అని కూడా పిలిచారు. మేం అన్నీ చెబుతాం, ఏదీ ఖాయం చెయ్యం. దీని మీద నడకలో రెండుసార్లు గొడవైంది. ఒకసారి టిఫిన్ కూడా చల్లారిపోయింది.

సబ్‌మెరైన్ దగ్గరకి పిల్లల్ని తీసుకెళ్లే కార్యక్రమం ఉందా?

డిసెంబరు 4 నేవీ డే ముందు వారం ఉంటుంది. బీచ్‌రోడ్డులో మ్యూజియంగా ఉన్న సబ్‌మెరైన్ కురుసుర 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. సోమవారం సెలవు, ఇది మర్చిపోయి వచ్చేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి ఒంగి ఒంగి దూరాలి. డెబ్భై మందికి పైగా ఈ గొట్టంలో నెలల తరబడి బతికారంటే పిల్లలు నోరు తెరుస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయట మురీ మిక్చర్ తింటూ కూర్చోవడం మేలు, ఎదురుగా టీయూ-142 విమానం ఉంది, అది ఎక్కడం కొంచెం తేలిక.

పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఎలా మునిగిందని అడుగుతారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరానికి దగ్గర్లో మునిగింది. రాజ్‌పుత్ ఓడ వేసిన డెప్త్‌ఛార్జీల (నీళ్లలో పేలే బాంబుల) వల్లనని మన నౌకాదళం, లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్. రెండూ చెబుతాం.

ఉక్కు ఉద్యమం గురించి కబుర్లు పెట్టారు. అది రాజకీయం కాదా?

'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా కదిలింది. కాల్పుల్లో 32 మంది పోయారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన. ఈ ఊరి చరిత్ర చెబుతూ ఇది వదిలేస్తే ఇంకేం చెప్పినట్టు? అప్పుడు కాలేజీలో చదువుతూ ఊరేగింపుల్లో నడిచినవాళ్లు, ఫ్యాక్టరీ కోసం పొలాలూ ఇళ్లూ వదులుకున్న ఊళ్లవాళ్లు, ఇద్దర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టాం. జెండాలు, నినాదాలు, పార్టీ కండువాలు బయట వదిలి రావాలి. కోపం మాత్రం వెంట తెచ్చుకోవచ్చు.

గుళ్లు, దర్గా, చర్చి, అన్నిట్లోకీ రావాలా?

అక్కర్లేదు. బయట నిలబడొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. లోపలికి వస్తే ఆ చోటు పద్ధతి పాటించాలి, లోపల ఫొటోలు అడక్కుండా తియ్యకూడదు. డ్రోన్ అసలు తేవద్దు. ఇది నేవీ ఉన్న ఊరు, తర్వాత మీకే టెన్షన్. సింహాచలం శాసనాల నడక చందనోత్సవం, గిరిప్రదక్షిణ రోజుల్లో పెట్టం, కారణం చెప్పక్కర్లేదు. శ్రీకృష్ణదేవరాయలు వచ్చి వేయించిన శాసనాన్ని జనం భుజాల సందుల్లోంచి చూస్తే ఏం తృప్తి?

తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

తెలుగులో. ఇక్కడ స్థిరపడ్డ ఒడియా, బెంగాలీ కుటుంబాలవాళ్లు వస్తే పక్కన ఒకరు నిలబడి చెబుతారు.

వీల్‌చెయిర్‌తో రావచ్చా?

నిజం చెప్పాలంటే పాతూరి నడకకు కష్టం. మెట్లు, గతుకులు, మూతలేని కాలువలు. బీచ్‌రోడ్డు నడకకు రండి, చదునుగా ఉంటుంది. కబుర్లు మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌ఫ్లోర్‌లోనే పెడతాం.

నేనూ గైడుగా చెప్పొచ్చా?

ముందు మూడు నడకలు వెనక నడవండి. తర్వాత మీ వీధి గురించి మాత్రమే పది నిమిషాలు చెప్పండి. మీ వీధి మీకు తెలియకపోతే పక్కింటివాళ్లను అడగండి. డాబాగార్డెన్స్ కుర్రాడొకడు అలా అడుగుతూ పోతే, 1840ల్లో గోడే వెంకట జగ్గారావు పెట్టిన, నక్షత్రాలు చూసే వేధశాల తమ పేటలోనే ఉండేదని తెలిసింది. ఆయన అల్లుడు ఎ.వి. నర్సింగరావు దాన్ని నడిపాడు. ఏవీఎన్ కాలేజీ ముందు 'మిసెస్' ఎందుకుందో కూడా ఆ కుర్రాడే మాకు చెప్పాడు. కాలేజీకి ఆస్తి ఇచ్చింది ఆ నర్సింగరావు గారి భార్య.

తప్పు చెబితే ఏమవుతుందని భయపడకండి. నేను మొదటి నడకలో రెండు తేదీలు తారుమారు చేశాను. వెనకనుంచి ఒక రిటైర్డు మాస్టారు చెయ్యెత్తి, 'బాబూ, అది అటుదిటు' అన్నారు. ఇప్పుడు ప్రతి నెలా ఆయన ముందు వరసలో ఉంటారు, నేను ఏ తేదీ చెప్పినా ఒకసారి ఆయన వైపు చూసి చెబుతాను.

వాన పడితే?

తుంపరైతే నడుస్తాం, గొడుగు తెచ్చుకోండి. పెద్ద వానైతే పొద్దున్న ఐదింటికే గ్రూపులో పెడతాం. అది చూసుకోకుండా వచ్చేస్తే, మొదలుపెట్టే చోట టీ కొట్టు దగ్గర మాలో ఒకరైనా ఉంటారు. టీ తాగి, వాన తగ్గేదాకా ఏదో ఒకటి మాట్లాడుకుందాం.